మాష్ ఎఫిషియెన్సీ: గింజలతో బీరు చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్స్‌ట్రాక్ట్ (గింజల్లోంచి ముందే తీసి అమ్మే చక్కెర పాకం లేదా పొడి) వదిలేసి గింజలతో బీరు చెయ్యడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ టెన్షన్ వస్తుంది. రెసిపీలో గ్రావిటీ (నీళ్లని 1.000 అనుకుంటే ద్రవం ఎంత చిక్కగా ఉందన్నది) 1.050 అని ఉంటుంది, దాన్ని కొలిచే హైడ్రోమీటర్ 1.042 దగ్గర ఆగిపోతుంది, మిగతా చక్కెర ఎటు పోయిందో అర్థం కాదు. వెంటనే మాష్ టన్ను (గింజల్ని నానబెట్టే పాత్ర) మార్చేద్దాం, గింజలు నలిపే మిల్లు కొనేద్దాం అనిపిస్తుంది. ముందు అసలు నష్టం ఎక్కడ జరుగుతోందో పట్టుకుంటే చాలాసార్లు ఏమీ కొనక్కర్లేదు.

మాష్ ఎఫిషియెన్సీ అంటే అసలేంటి?

మాష్ అంటే నలిపిన మాల్ట్‌ని (మొలకెత్తించి ఆరబెట్టిన గింజని) వేడి నీళ్లలో నానబెట్టడం. మీరు వాడిన మాల్ట్ నుంచి ల్యాబు లెక్క ప్రకారం గరిష్ఠంగా ఎంత చక్కెర రావచ్చో, అందులో ఎంత శాతం మీ కెటిల్‌లోకి (మరిగించే పాత్రలోకి) చేరిందో చెప్పే అంకె. సులువుగా ఉంటుందని చక్కెర అంటున్నాను కానీ అందులో డెక్స్‌ట్రిన్లు (సగం విరిగిన స్టార్చ్), కొంచెం ప్రొటీన్ కూడా కలిసే ఉంటాయి.

ఈ ఒక్క అంకె వెనక రెండు వేరే వేరే పనులున్నాయి, గందరగోళమంతా వాటిని కలిపి చూడటం వల్లే వస్తుంది. మొదటిది కన్వర్షన్, అంటే గింజలోని స్టార్చ్‌ని ఎంజైములు ఎంతవరకు చక్కెరగా మార్చాయి అన్నది. రెండోది లాటరింగ్, అంటే అలా తయారైన చక్కెరని పిప్పిలోంచి ఎంతవరకు బయటికి లాగగలిగాం అన్నది. ఈ రెండు శాతాలనీ గుణిస్తే వచ్చేదే మాష్ ఎఫిషియెన్సీ. కన్వర్షన్ 95 శాతం, లాటరింగ్ 85 శాతం అయితే మొత్తం దాదాపు 81. తక్కువ వచ్చిందంటే ఈ రెండింట్లో ఏదో ఒకటి తగ్గింది, రెండింటికీ మందు ఒకటి కాదు.

బ్రూహౌస్ ఎఫిషియెన్సీ, ఇదీ ఒకటేనా?

కాదు. మాష్ ఎఫిషియెన్సీ లెక్క కెటిల్‌తో ఆగిపోతుంది. బ్రూహౌస్ ఎఫిషియెన్సీలో కెటిల్ అడుగున వదిలేసిన మడ్డి, హాప్స్ (చేదునిచ్చే పూలు) పీల్చుకున్న వోర్ట్ (మాష్‌లోంచి దిగిన తీపి ద్రవం), పైపుల్లో ఉండిపోయింది కూడా నష్టం కింద పడతాయి, ఎందుకంటే అక్కడ కొలిచేది ఫర్మెంటర్‌లోకి (పులియబెట్టే పాత్రలోకి) ఎంత చేరిందని. కాబట్టి అది ఎప్పుడూ కాస్త తక్కువే ఉంటుంది. ఇద్దరు మాట్లాడుకుంటూ ఒకరు 80 అని, ఇంకొకరు 68 అని అంటే ఇద్దరి బీరూ ఒకేలా వచ్చి ఉండొచ్చు, వాళ్లు చెప్పే అంకెలే వేరు. సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎఫిషియెన్సీ అడుగుతోందో చూసుకోకుండా అంకె కొట్టేస్తే రెసిపీ మొత్తం పక్కదారి పడుతుంది.

లెక్క ఎలా వెయ్యాలి?

గ్రావిటీలో 1 తీసేసి వెయ్యితో గుణిస్తే పాయింట్లు వస్తాయి. 1.042 అంటే 42 పాయింట్లు. ఒక కిలో శుద్ధమైన పంచదారని నీళ్లలో కరిగించి మొత్తం ఒక లీటరుకి లెక్కగడితే దాదాపు 384 పాయింట్లు. మామూలు పేల్ (లేత రంగు) మాల్ట్‌కి 300 నుంచి 310 దాకా ఉంటుంది, మీ మాల్ట్‌తో వచ్చే స్పెసిఫికేషన్ షీట్‌లో సరైన అంకె దొరుకుతుంది.

5 కిలోల మాల్ట్ వాడారనుకుందాం. 300 లెక్కన గరిష్ఠం 1500 పాయింట్లు. మరిగించడానికి ముందు కెటిల్‌లో 28 లీటర్లు, 1.042 ఉంది. 42 × 28 = 1176. దాన్ని 1500తో భాగిస్తే 78 శాతం. అదే మీ మాష్ ఎఫిషియెన్సీ.

మరిగాక 23 లీటర్లకి దిగింది. పాయింట్లు ఎక్కడికీ పోవు, ఆవిరయ్యేది నీళ్లే, కాబట్టి 1176 ÷ 23 = 51, అంటే 1.051. అందులో 3 లీటర్లు మడ్డితో వదిలేసి 20 లీటర్లు ఫర్మెంటర్‌లోకి పంపితే 51 × 20 = 1020, బ్రూహౌస్ లెక్క 68 శాతం. ఒకే బ్యాచ్, రెండు అంకెలు.

నాకు ఒకసారి 65, ఇంకోసారి 82 వస్తోంది. మాష్ ఏమైనా తేడా చేస్తోందా?

ఇంత ఊగిసలాట ఉంటే మాష్‌ని అనుమానించే ముందు కొలతల్ని అనుమానించండి. నా అభిప్రాయంలో తక్కువ ఎఫిషియెన్సీ అని చెప్పేవాటిలో చాలా భాగం నిజానికి తప్పు కొలతలే.

ముందుగా వాల్యూమ్. నీళ్లు మరిగే వేడి దగ్గర చల్లటి నీళ్ల కన్నా దాదాపు 4 శాతం ఉబ్బుతాయి. వేడిగా ఉన్నప్పుడు 28 లీటర్ల గీత దగ్గర కనిపించింది చల్లారితే 27 లీటర్లే. ఆ ఒక్క లీటరే పై లెక్కలో దాదాపు 3 శాతం తేడా తెస్తుంది. కెటిల్ మీద ఉన్న గీతల్ని కూడా గుడ్డిగా నమ్మొద్దు, ఒకసారి లీటరు లీటరు చొప్పున నీళ్లు పోసి ఒక కర్ర మీదో స్టీలు స్కేలు మీదో మీరే గీతలు పెట్టుకోండి.

తర్వాత వేడి. హైడ్రోమీటర్ సాధారణంగా 20 డిగ్రీల దగ్గర సరిగ్గా చూపేలా తయారవుతుంది, కొన్ని 15.6 దగ్గర, ఏదైనది గొట్టం లోపలి కాగితం మీద రాసి ఉంటుంది. 40 డిగ్రీల వోర్ట్‌లో ముంచితే 6 పాయింట్ల దాకా తక్కువ చూపిస్తుంది. టేబుల్ చూసి సరిచేసుకోవచ్చు కానీ మరీ వేడి మీద ఆ సవరణలు అంత నమ్మదగ్గవి కావు, శాంపిల్‌ని మూతపెట్టి చల్లార్చి కొలవడమే నయం. మూత ఎందుకంటే, వేడి శాంపిల్ తెరిచి ఉంటే ఆవిరై చిక్కబడుతుంది. రిఫ్రాక్టోమీటర్‌లో (చుక్కలతో చక్కెర కొలిచే పరికరం) రెండు మూడు చుక్కలే కాబట్టి ఆ చుక్కలు మరీ త్వరగా ఆవిరవుతాయి.

ఇక అందరూ మర్చిపోయేది, కలపడం. మొదట దిగిన వోర్ట్ చిక్కన, స్పార్జ్‌లో (పిప్పి మీద మళ్లీ నీళ్లు పోసి కడిగినప్పుడు) దిగింది పల్చన. రెండూ కెటిల్‌లో పొరలుగా ఉండిపోతాయి, చూస్తే తెలియదు. బాగా కలియబెట్టకుండా పైనుంచి ఒక చెంచా తీసి కొలిస్తే వచ్చేది పల్చటి పొర గ్రావిటీ. మాల్ట్‌ని కూడా కొన్న సంచి మీది బరువుని బట్టి కాకుండా తూకం వేసి వాడండి.

ఇంట్లో చేసేవాళ్లకి ఎంత వస్తే సరే?

70 నుంచి 85 మధ్య మాష్ ఎఫిషియెన్సీ వస్తుంటే ఆందోళన పడాల్సిందేమీ లేదు. స్పార్జ్ చెయ్యనివాళ్లకి ఇందులో కింది వైపు, ఓపిగ్గా స్పార్జ్ చేసేవాళ్లకి పై వైపు ఉంటుంది. 100 దాటి వస్తే సంబరపడకండి, ఎక్కడో కొలత తప్పింది.

కన్వర్షన్ తగ్గిందా, లాటరింగ్ తగ్గిందా? ఎలా కనిపెట్టాలి?

ఈ పేజీలో ఒక్కటే చదవాలనుకుంటే ఇది చదవండి.

మాష్ అయిపోయాక, స్పార్జ్ నీళ్లు ఇంకా కలపకముందు, బాగా కలిపి మాష్ టన్‌లోంచి కొంచెం వోర్ట్ తీసి చల్లార్చి గ్రావిటీ చూడండి. ఆ దశలో ఇంకా ఏదీ కడగలేదు, ఏదీ పోలేదు. ఉన్న నీళ్లలో ఎంత చక్కెర కరిగిందనేదే ప్రశ్న, కాబట్టి ఈ గ్రావిటీ పూర్తిగా కన్వర్షన్‌ని బట్టే ఉంటుంది. కిలో మాల్ట్‌కి 3 లీటర్ల నీళ్లు పోసి ఉంటే, కన్వర్షన్ పూర్తయితే దాదాపు 20 ప్లేటో (నూరు పాళ్ల బరువులో ఎన్ని పాళ్లు చక్కెరో చెప్పే కొలమానం), అంటే 1.084 దగ్గర రావాలి. కిలోకి 4 లీటర్లయితే దాదాపు 16 ప్లేటో, 1.065 దగ్గర. ఇవి మామూలు పేల్ మాల్ట్‌కి సరిపోయే అంకెలు, ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ ఉంటుంది.

3 లీటర్ల మాష్‌లో మీకు 1.076 వచ్చిందనుకోండి. 76ని 84తో భాగిస్తే సుమారు 90 శాతం. అంటే స్టార్చ్‌లో పదో వంతు ఇంకా గింజలోనే కూర్చుని ఉంది, ఇప్పుడు ఎంత స్పార్జ్ చేసినా అది రాదు. మరలో నలగడం, పీహెచ్, ఉష్ణోగ్రత, సమయం, వీటిలో ఒకటి చూడాలి. అదే 1.083 వచ్చి, చివరికి మాష్ ఎఫిషియెన్సీ మాత్రం 70 దగ్గరే ఆగిందనుకోండి, మిల్లు జోలికి వెళ్లకండి. చక్కెర తయారైంది, పిప్పిలో ఇరుక్కుని బయటికి రాలేదు.

ఈ పరీక్షకి ఇంకో లాభం ఉంది. మాష్ మధ్యలో పది పదిహేను నిమిషాలకోసారి ఇలా చూస్తే గ్రావిటీ ఇంకా పెరుగుతోందో ఆగిపోయిందో తెలుస్తుంది. పెరుగుతుంటే ఆగండి, గడియారం గంట అయిందని చెప్పినంత మాత్రాన దించెయ్యక్కర్లేదు.

అయోడిన్ పరీక్ష చాలదా?

స్టార్చ్ ఉంటే అయోడిన్ నల్లగా, ముదురు నీలంగా మారుతుంది, లేకపోతే రంగు మారదు. తెల్ల పింగాణీ ప్లేటు మీద పొట్టు లేకుండా చుక్క వోర్ట్ వేసి చూడాలి, పొట్టు ముక్క పడిందంటే అది ఎలాగూ నల్లబడి మిమ్మల్ని కంగారుపెడుతుంది. దీంతో వచ్చిన చిక్కేంటంటే, ఇది ద్రవంలో కరిగిన స్టార్చ్‌నే చూపిస్తుంది. నలగని గింజ లోపల ఉన్న స్టార్చ్ సంగతి దానికి తెలియదు. పరీక్ష పాస్ అయి ఎఫిషియెన్సీ ఫెయిలవడం అందుకే. గ్రావిటీ పరీక్ష చేస్తుంటే అయోడిన్ అక్కర్లేదు. చేసినా ఆ చుక్కని పారెయ్యండి, మళ్లీ మాష్‌లో వెయ్యకండి.

మిల్లు గ్యాప్ (రోలర్ల మధ్య సందు) ఎంత పెట్టాలి?

కన్వర్షన్ తక్కువ వస్తున్నవాళ్లలో నేను మొట్టమొదట చూడమనేది నలగడమే. అడుగున జల్లెడ ఉన్న మాష్ టన్ వాడితే 0.9 నుంచి 1.0 మిల్లీమీటర్ దగ్గర మొదలుపెట్టండి. సంచిలో మాష్ చేసేవాళ్లు 0.6 నుంచి 0.8 దాకా దించొచ్చు, ఎందుకంటే అక్కడ వడగట్టేది సంచే, పొట్టు పొర అవసరం లేదు. మిల్లు మీద ఉండే గుర్తుల్ని నమ్మకుండా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి రోలర్ రెండు చివరలా చూడండి, ఒకవైపు బిగుతుగా ఇంకోవైపు వదులుగా ఉండటం మామూలే.

అంకె కన్నా ముఖ్యం, నలిగిన మాల్ట్ ఎలా ఉందన్నది. ఒక గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పరిచి వెలుతురులో చూడండి. ఒక్క గింజ కూడా చెక్కుచెదరకుండా ఉండకూడదు. పొట్టు దాదాపు మొత్తంగా, నిలువుగా విచ్చుకుని లోపల ఖాళీగా ఉండాలి. వేలితో గోకితే లోపల గట్టి తెల్లని గింజ ఇంకా అంటుకుని ఉందంటే నలగలేదన్నమాట. లోపలి భాగం రవ్వలా, నాలుగైదు ముక్కలుగా విరిగి ఉంటే బాగున్నట్టు. అంతా మెత్తటి పిండైపోయి పొట్టు కూడా చీలికలు పీలికలైతే మాష్ టన్‌లో బిగుసుకుపోతుంది, చుక్క దిగదు.

పొట్టు చిరగకుండా గ్యాప్ తగ్గించాలంటే ఒక మంచి ఉపాయం ఉంది. మర పట్టడానికి కొద్ది నిమిషాల ముందు మాల్ట్ బరువులో 1 నుంచి 2 శాతం నీళ్లు చిలకరించి చేత్తో కలపండి, 5 కిలోలకి 50 నుంచి 100 మిల్లీలీటర్లు. పొట్టు తోలులా సాగుతుంది, చిరగదు, లోపలి గింజ మాత్రం పొడిగానే ఉండి విరుగుతుంది. నీళ్లు ఎక్కువైతే రోలర్లకి జిగురు పట్టేస్తుంది, జాగ్రత్త.

మాల్ట్ కొన్నచోటే మర పట్టించుకునేవాళ్లకి గ్యాప్ మీద అధికారం ఉండదు. అలాంటప్పుడు రెండుసార్లు పట్టమని అడగండి, లేదా మాష్ 90 నిమిషాలు ఉంచండి. ముతకగా నలిగినా సమయం ఇస్తే చాలావరకు కోలుకుంటుంది.

ఏ ఉష్ణోగ్రత, ఎంతసేపు?

65 నుంచి 68 డిగ్రీల దగ్గర 60 నిమిషాలు, చాలా బీర్లకి ఇదే. బార్లీ స్టార్చ్ 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఉబ్బి జిగురుగా మారుతుంది, అప్పుడే ఎంజైములకి అందుతుంది. ఈ ఎంజైముల్లో బీటా అమైలేజ్‌కి 60 నుంచి 65 అనుకూలం, 70 దగ్గరికి వస్తే త్వరగా నాశనమైపోతుంది. ఆల్ఫా అమైలేజ్ 70 నుంచి 72 దగ్గర చురుగ్గా ఉంటుంది. అందుకని కింది వైపు మాష్ చేస్తే బీరు తీపి తగ్గి పల్చగా, పై వైపు చేస్తే నోటికి చిక్కగా, నిండుగా వస్తుంది. ఎఫిషియెన్సీ వరకు వస్తే ఒకటి రెండు డిగ్రీల తేడా పెద్దగా ఏమీ చెయ్యదు. 75 దాటించి ఎంజైముల్ని చంపేస్తే మాత్రం చేస్తుంది. థర్మామీటర్ సరైనదో కాదో కరుగుతున్న మంచులో, మరిగే నీళ్లలో పెట్టి చూసుకోండి.

గింజలు వేసేటప్పుడు ఉండలు కట్టకుండా కలపండి. ఉండ పైకి తడిగా కనిపించినా లోపల పొడి పిండి అలాగే ఉంటుంది, దాని లోపలికి వేడి నీళ్లు వెళ్లవు.

పీహెచ్ అంత ముఖ్యమా?

నలగడం బాగుండి, సమయం ఇచ్చి, అయినా కన్వర్షన్ తగ్గుతుంటే తర్వాతి అనుమానం ఇదే. చల్లార్చిన శాంపిల్‌లో 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. కార్బొనేట్లు ఎక్కువున్న నీళ్లతో లేత రంగు మాల్ట్ మాష్ చేస్తే ఇది సులువుగా 5.8 దాటుతుంది. నల్ల మాల్ట్‌లకి పులుపు గుణం ఉంది కాబట్టి అదే నీళ్లతో స్టౌట్ (నల్ల బీరు) చక్కగా వచ్చి, లేత రంగు బీరు మాత్రం ప్రతిసారీ నిరాశపరుస్తుంది. మీకు సరిగ్గా ఇలాగే జరుగుతుంటే నీళ్లదే తప్పు. లాక్టిక్ యాసిడ్ కొన్ని మిల్లీలీటర్లు, లేదా అసిడ్యులేటెడ్ (పులుపెక్కించిన) మాల్ట్, లేదా జిప్సం, కాల్షియం క్లోరైడ్‌తో దించొచ్చు. కొంచెం కొంచెంగా వేసి కొలుస్తూ వెళ్లండి.

స్పార్జ్ ఒకేసారి చెయ్యాలా, రెండుసార్లా, ఫ్లై స్పార్జా?

సబ్బు పట్టిన బట్టని ఒక బకెట్ నీళ్లలో ఒకేసారి ముంచి తీసేకంటే అవే నీళ్లు రెండు భాగాలు చేసి జాడిస్తే సబ్బు ఎక్కువ పోతుంది. బ్యాచ్ స్పార్జ్ (నీళ్లు ఒక్కో విడత పోసి, కలిపి, మొత్తం దించడం) అంతే, ఇక్కడ లెక్క కూడా అలాగే పని చేస్తుంది.

మాష్ టన్‌లో గింజలు కిలోకి దాదాపు ఒక లీటరు పీల్చుకుని వదలవు. 5 కిలోలకి 5 లీటర్లు. మీకు కెటిల్‌లో 28 లీటర్లు కావాలి, కాబట్టి మొత్తం 33 లీటర్ల నీళ్లు. అన్నీ ఒకేసారి పోసి వంపేస్తే 33లో 28 బయటికి వస్తుంది, చక్కెరలో సుమారు 85 శాతం. ఇప్పుడు అదే నీళ్లని 19, 14గా విడగొట్టండి. మొదటిసారి 19లో 14 దిగుతుంది, 5 ఉండిపోతుంది, అంటే చక్కెరలో 26 శాతం మిగిలింది. 14 లీటర్లు పోసి బాగా కలిపి మళ్లీ 14 దించితే, మిగిలిన 26లో మళ్లీ 26 శాతమే మిగులుతుంది, దాదాపు 7. లాటరింగ్ 93 శాతం. ఒక్కసారి స్పార్జ్ చేసినందుకు 8 శాతం పెరిగింది. మూడోసారి చేస్తే ఇంకాస్త వస్తుంది కానీ ఆ కాస్త కోసం అరగంట పెట్టడం నాకైతే దండగనిపిస్తుంది.

రెండు విడతలూ దాదాపు సమానంగా దిగేలా చూసుకుంటే ఫలితం ఎక్కువ. స్పార్జ్ నీళ్లు పోశాక తప్పకుండా కలియబెట్టాలి, కలపకుండా వంపేస్తే నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి.

ఫ్లై స్పార్జ్ సరిగ్గా చేస్తే ఇంకా మెరుగు, కానీ ఓపిక కావాలి. పైనుంచి పోసేదీ కిందనుంచి దిగేదీ సమానంగా, నిమిషానికి అర లీటరు దగ్గర, 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. ఇందులో కలపకూడదు. హడావిడి పడితే నీళ్లు గింజల మధ్య ఒక దారి చేసుకుని అందులోంచే పరుగెడతాయి, పక్కనున్న చక్కెర అలాగే ఉండిపోతుంది. త్వరగా పని తెముల్చుకోవాలనుకునేవాళ్లు బ్యాచ్ స్పార్జ్ చేసుకోవడమే మంచిది.

టన్ అడుగున కుళాయి కింద ఉండిపోయే వోర్ట్‌ని కూడా లెక్కలోకి తీసుకోండి. అది గింజలు పీల్చుకున్నదానికి అదనపు నష్టం. టన్‌ని కాస్త వంచితే ఒక లీటరు దాకా రావొచ్చు.

సంచిలో మాష్ చేస్తాను, పిండొచ్చా?

నిరభ్యంతరంగా పిండండి. పిండితే టానిన్లు (పొట్టులో ఉండే వగరు పదార్థాలు) వస్తాయన్న భయం అక్కర్లేదు, టానిన్లని లాగేది పీహెచ్, వేడి, పిండటం కాదు. పిండితే గింజలు పీల్చుకునేది కిలోకి లీటరు నుంచి అర లీటరు పైచిలుకుకి తగ్గుతుంది, స్పార్జ్ లేని నష్టంలో చాలా భాగం అక్కడే తిరిగొస్తుంది.

స్ట్రాంగ్ బీరు చేసినప్పుడల్లా ఎఫిషియెన్సీ ఎందుకు పడిపోతుంది?

పై లెక్కే మళ్లీ చూడండి. 28 లీటర్లకి 8 కిలోలు వాడితే 8 లీటర్లు గింజల్లోనే ఉంటాయి, ఆ వోర్ట్ చిక్కగా కూడా ఉంటుంది. రెండు విడతల్లో 22లో 14 చొప్పున దిగుతుంది, చివరికి 13 శాతం చక్కెర పిప్పితో పోతుంది. 93 కాస్తా 87 అయింది, స్పార్జ్ లేకుండా అయితే 78. మీరేమీ తప్పు చెయ్యలేదు, నీళ్ల నిష్పత్తి అలా ఉంది. పెద్ద బీర్ల రెసిపీ రాసేటప్పుడే 5 నుంచి 10 శాతం తగ్గించి రాసుకోండి. లేదంటే నీళ్లు ఎక్కువ వాడి ఎక్కువసేపు మరిగించండి.

గోధుమ, బియ్యం, మొక్కజొన్న వాడితే?

గోధుమ మాల్ట్ గింజ చిన్నది, గట్టిది, బార్లీ గ్యాప్‌లోంచి సగం అలాగే జారిపోతుంది, విడిగా గ్యాప్ తగ్గించి పట్టండి. పొట్టు ఉండదు కాబట్టి ఎక్కువ మోతాదులో వాడితే వడ్ల పొట్టు కలపాలి. బియ్యం, మొక్కజొన్న మాల్ట్ చెయ్యనివి అయితే ముందు ఉడికించాలి, వాటి స్టార్చ్ మామూలు మాష్ వేడికి పూర్తిగా విచ్చుకోదు. ఫ్లేక్స్ (అటుకులు) అయితే నేరుగా వెయ్యొచ్చు. క్రిస్టల్ మాల్ట్‌లో (రంగు, రుచి కోసం కొంచెంగా వేసేది) ఎంజైములు ఉండవు, బేస్ (ప్రధాన) మాల్ట్ సరిపడా ఉండాలి.

కెటిల్‌లో గ్రావిటీ తక్కువుంది, ఇప్పుడేం చెయ్యాలి?

28 లీటర్లు 1.042 రావాల్సింది 1.038 వచ్చింది. లోటు 4 × 28 = 112 పాయింట్లు. పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కిలోకి దాదాపు 370 ఇస్తుంది, కాబట్టి 300 గ్రాములు చాలు. ఇంట్లో ఒక ప్యాకెట్ ఎప్పుడూ ఉంచుకోండి. లేదా ఎక్కువసేపు మరిగించి 21 లీటర్లకి దించితే 1.051 వస్తుంది, రెండు లీటర్లు తగ్గుతుంది అంతే. చేదు కోసం వేసే హాప్స్‌ని మాత్రం మరగడం చివరి గంట నుంచి లెక్కపెట్టండి. ఎక్కువ వస్తే నీళ్లు కలపడమే.

90 శాతానికి ప్రయత్నించాలా?

వద్దు. పెద్ద బ్రూవరీలకి ప్రతి శాతం డబ్బు, వాళ్ల మాష్ ఫిల్టర్లు దాదాపు ల్యాబు లెక్క దాకా లాగేస్తాయి. ఇంట్లో ఆ చివరి శాతాల కోసం స్పార్జ్ పొడిగిస్తూ పోతే, దిగే వోర్ట్ 1.010 కన్నా పల్చబడి, పీహెచ్ 5.8 దాటి, పొట్టులోంచి టానిన్లు దిగుతాయి, నాలుక మీద వగరు మిగులుతుంది. దిగుతున్నది 1.010 దగ్గరికి వస్తే ఆపెయ్యండి, గింజల వేడి 77 డిగ్రీలు దాటనివ్వకండి.

నేను చూసేది ఒక్కటే, ప్రతిసారీ అదే అంకె వస్తోందా అని. ఎప్పుడూ 72 వచ్చేవాళ్లు రెసిపీలో అనుకున్న బీరే చేస్తారు. 70 నుంచి 85 మధ్య దూకుతూ ఉండేవాళ్లకి చేదు, తీపి, ఆల్కహాల్ ఏదీ అనుకున్నట్టు రాదు.

వేరేవాళ్ల రెసిపీని నా ఎఫిషియెన్సీకి ఎలా మార్చాలి?

రెసిపీ 75కి రాసి ఉంది, మీది 68. 75 ÷ 68 = 1.10, కాబట్టి బేస్ మాల్ట్‌ని పది శాతం పెంచండి. క్రిస్టల్, రోస్ట్ మాల్ట్‌లని అలాగే ఉంచండి, వాటి రంగూ రుచీ బ్యాచ్ సైజుని బట్టి పెట్టినవి. తేడా 15 శాతం దాటితే మాత్రం వాటినీ కొంచెం పెంచి, ఒకసారి తాగి చూశాక సవరించుకోండి.